"గట్టి మనిషి" అని అందరూ వదిలేసిన ఇల్లు: ఒక కౌలు రైతు కుటుంబం కేస్ స్టడీ

పాత వరంగల్ జిల్లాలో పత్తి ఎక్కువగా వేసే ఒక ఊరు. 2022 వానాకాలంలో అక్కడ ఒక కౌలు రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. భార్యకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు. కూతురు ఏడో తరగతి, కొడుకు రెండో తరగతి, ఇంట్లో ముసలి అత్తమ్మ. పేర్లు రాయను, ఊరు చెప్పను, గుర్తుపట్టేలా ఉండే చిన్న వివరాలు కొన్ని మార్చాను. తల్లి, పెద్దపిల్ల, చిన్నోడు, అవ్వ అనే రాస్తాను. రైతు ఆత్మహత్యలు జరిగిన ఇళ్ళతో పనిచేసే కౌన్సెలర్ని నేను, ఈ కుటుంబంతో ఇంకా పనిచేస్తున్నాను.

ఈ కేసే ఎందుకంటే, మొదట నాకు వీళ్ళ గురించి చెప్పినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. "ఆమె గట్టిది మేడం, తట్టుకుంటది." పెద్దపిల్ల గురించైతే "అది ఇంకా గట్టిది, ఇల్లంతా అదే చూసుకుంటది" అని మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఎవరి పనికి వాళ్ళు పోయారు. పదో రోజు దాటాక ఆ ఇంటికి వస్తున్నది అప్పులోళ్ళు మాత్రమే. ఏడ్చి గోల చేసే మనిషి దగ్గరికి నలుగురు వస్తారు, నోరు మూసుకుని పని చేసుకునేవాళ్ళ దగ్గరికి ఎవరూ రారు. నా పనిలో ఇది పదేపదే చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ కోపం వస్తుంది.

నాకు కబురు వచ్చింది బడి నుంచి. దసరా సెలవుల తర్వాత పెద్దపిల్ల రాలేదని, పత్తి ఏరడానికి పోతోందని టీచరమ్మ ఫోన్ చేసింది. కిలోకి పది రూపాయల లెక్కన ఏరుతోంది. చిన్నోడు బడికి వస్తున్నాడు గానీ మాట్లాడటం లేదు.

ఆ రైతుకు సొంతంగా ఉన్నది ఎకరంపావు, అదీ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది, విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్పిడి) కాలేదు. నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి పెట్టాడు, ఎకరాకు పన్నెండు వేల కౌలు ముందే కట్టాలి. జూలై వానలకు చేనులో నీళ్ళు నిలిచి మొక్క ఎర్రబడి పోయింది, మళ్ళీ గింజ పెట్టాడు, మళ్ళీ పోయింది. వడ్డీ వ్యాపారి దగ్గర రెండు లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి, ఎరువుల షాపులో లక్ష పైచిలుకు ఉద్దెర, భార్య పేరు మీద మహిళా పొదుపు సంఘం లోను. రెండు లక్షలకు మూడు రూపాయలంటే నెలకు ఆరు వేలు ఒక్క మిత్తే. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకు 257 రూపాయలు. ఇరవై మూడు రోజులు పనిచేస్తే వచ్చేదంతా మిత్తికే చాలదు. ఈ లెక్క చూడకుండా ఆ తల్లికి ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదని నా అభిప్రాయం.

మొదటి రోజు

తల్లి నాతో చాలా మర్యాదగా మాట్లాడింది. టీ పెట్టించింది (పెట్టింది పెద్దపిల్ల). అప్పులు ఎవరెవరికి ఎంతో అప్పజెప్పినట్టు చెప్పింది. ఏడవలేదు. బయటివాళ్ళు చూసి గట్టిదని అనుకున్నది దీన్నే. పక్కన కూర్చుని నెమ్మదిగా అడుగుతూ పోతే బయటపడింది: రాత్రి రెండు మూడు గంటలకు మించి నిద్ర లేదు, కూతురు పళ్ళెం ముందు పెడితే తప్ప అన్నం సంగతే గుర్తుకు రావడం లేదు, తలదువ్వుకుని ఎన్ని రోజులైందో తెలియదు, బర్రెగొడ్డులా పని మాత్రం చేస్తోంది. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కొలత ఒకటి వాడతాం, మొత్తం 27కు 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తీవ్రమైన డిప్రెషన్ అంటాం. ఆమెది ఆ గీతకు దగ్గర్లో ఉంది.

అందులో ఆఖరి ప్రశ్న చావు గురించిన ఆలోచనలది. దాన్ని నేను కాగితం చూసి చదవను, సూటిగా అడుగుతాను. "చచ్చిపోవాలని అనిపిస్తుందా అమ్మా?" ఇలా అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని చాలామందికి భయం, ఆశా కార్యకర్తలు కూడా నన్ను అడుగుతుంటారు. అలా జరగదు. అడిగినందువల్ల ఎవరూ కొత్తగా ఆ దారి పట్టరు, ఇన్నాళ్ళకు ఎవరో అడిగారని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆమె అన్నది ఇది: "వస్తది మేడం. మరి వీళ్ళను ఎవరి చేతుల పెట్టి పోవాలె?"

ఈ జవాబు విని, పిల్లల మీద ప్రేమ ఆమెను ఆపుతోందిలే అని లేచి వచ్చేస్తే అంతకంటే ప్రమాదం లేదు. పిల్లలకు తను తప్ప దిక్కులేదు అనుకునే తల్లికి, వాళ్ళను కూడా వెంట తీసుకుపోవాలన్న ఆలోచన వచ్చే వీలుంటుంది. అదీ అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత తల ఊపింది.

ఆ సాయంత్రం చేసిన పనులు చాలా మామూలువి. ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ ఊళ్ళోంచే బయటికి పంపించాం. ఆమె తమ్ముడికి ఫోన్ చేసి రమ్మన్నాం, అతను వారం రోజులు అక్కడే ఉన్నాడు. అవ్వ పడక అదే గదిలోకి మార్చాం. ఏ క్షణంలోనైనా చేయగలిగేలా టెలీమానస్ (ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416 ఆమె ఫోన్‌లో పెట్టాం, పెద్ద అంకెలతో గోడ మీద కూడా రాశాం. మర్నాడు పొద్దున జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడికి చూపించాం. డిప్రెషన్ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, ఈలోగా "ఏం గుణం లేదు" అని మానేయొద్దని ఆమెకూ తమ్ముడికీ అవ్వకూ ముగ్గురికీ చెప్పాం. ఇంట్లో ఒక్కరికే చెబితే మిగతావాళ్ళు "నిద్ర మాత్రలకు అలవాటు పడతవ్" అని మాన్పించేస్తారు.

పిల్లలు

చిన్నోడికి ఎవరూ నిజం చెప్పలేదు. బాపు ఊరికి పోయిండు అన్నారు. వాడు శవాన్ని చూశాడు, దినాలు చూశాడు, గోడకు దండేసిన ఫోటో రోజూ చూస్తున్నాడు, అయినా బాపు ఊరికి పోయిండు. పక్క తడుపుతున్నాడు. రాత్రి లేచి తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడని పెద్దపిల్ల చెప్పింది. బొమ్మలు గీయమని కాగితాలిస్తే చాలా రోజులు ఒక సైకిలే గీశాడు, చక్రాలు మాత్రం గట్టిగా నల్లగా రుద్దేవాడు. సైకిల్ ఎవరిదిరా అంటే పలకలేదు. చాలా రోజుల తర్వాత, నా వైపు చూడకుండా, "నేను అడిగిన" అన్నాడు. చనిపోవడానికి ముందు రోజు సైకిల్ కొనిపెట్టమని బాపు దగ్గర మారాం చేశాడట. బాపు పోయింది తన వల్లే అని ఆ ఏడేళ్ళ పిల్లాడు అన్ని నెలలుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఆ వయసు పిల్లలు లోకంలో జరిగే ప్రతిదాన్నీ తమతో ముడిపెట్టుకుంటారు. మనం నిజం చెప్పకపోతే ఖాళీగా ఉన్న ఆ చోటును వాళ్ళే ఒక కథతో నింపుకుంటారు, ఆ కథలో నేరం ఎప్పుడూ వాళ్ళదే. అందుకే నిజం చెప్పాలని తల్లితో, అవ్వతో కూర్చుని ఏ మాటలు వాడాలో ముందే అనుకున్నాం. చెప్పింది తల్లే, నేను పక్కన ఉన్నాను. "బాపు సచ్చిపోయిండు బిడ్డా. ఇగ రాడు. బాపు మనసుకు పెద్ద రోగం వచ్చింది, అది మాకెవరికీ తెల్వలే, దవాఖానకు తీస్కపోలే. నువ్వు సైకిల్ అడిగినందుకు కాదు. పిల్లలు సైకిల్ అడుగుతరు, అడగాలె." వాడు అప్పుడేం మాట్లాడలేదు. వారం తిరిగాక "నీకు కూడా ఆ రోగం వచ్చిందా?" అని తల్లినే అడిగాడు. ఆమె దాచలేదు, "వచ్చింది, గోలీలు ఏసుకుంటున్న, తగ్గుతది" అంది. ఆ తర్వాత నుంచి రోజూ రాత్రి అమ్మ గోలీ వేసుకుందా లేదా అని చూడటం వాడి పనైపోయింది. ఆ పని అవ్వకు అప్పగించడానికి మళ్ళీ కొంత కష్టపడాల్సి వచ్చింది, ఎందుకంటే ఏడేళ్ళవాడు అమ్మకు కాపలా ఉండకూడదు.

ఇక పెద్దపిల్ల. ఈ కేసులో నాకు అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ పిల్లే.

నాలుగున్నరకు లేస్తుంది, వంట చేస్తుంది, తమ్ముడికి తినిపించి బడికి పంపుతుంది, పత్తికి పోతుంది, సాయంత్రం వచ్చి అప్పుల పుస్తకంలో ఎవరు వచ్చారు, ఏమన్నారు అని రాసుకుంటుంది. అవును, తేదీ వేసి మరీ. పన్నెండేళ్ళు. ఏడవగా ఎవరూ చూడలేదు. కడుపునొప్పి మాత్రం తరచూ వస్తోంది, ఆర్‌ఎంపీ దగ్గర గోలీలు తెచ్చుకుని మింగుతోంది. ఊరంతా బంగారు తల్లి అంటోంది. ఒక బంధువైతే, ఇంత బుద్ధిమంతురాలు, రెండేళ్ళు చూసి మా ఇంటికి ఇచ్చేయండి, పిల్ల బరువు తీరుతుంది అని కబురు కూడా పెట్టింది. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే 2006 చట్టం ప్రకారం నేరమని తల్లికి ఒక్కసారి చెప్పాను, ఆమెకు కూడా ఇష్టం లేదు, ఆ విషయం అక్కడితో ఆగింది.

తల్లి పడిపోయినప్పుడు పెద్దపిల్ల తల్లి అయిపోతుంది. దాన్ని మనం ఓర్పు అంటాం, సంస్కారం అంటాం. దగ్గర్నుంచి చూస్తే ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఒళ్ళు వదిలి కూర్చోదు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది, తను ఒక పూట లేకపోతే ఇల్లు కూలిపోతుందని నిజంగా నమ్ముతుంది. ఇలాంటి పిల్లలు చాలా ఏళ్ళు బాగానే నెట్టుకొస్తారు. విరిగేది తర్వాత, పదహారు పదిహేడేళ్ళప్పుడు, అప్పటికి దానికీ తండ్రి చావుకీ ముడి ఎవరికీ కనబడదు.

అందరూ ఇచ్చిన సలహా ఒకటే, కస్తూర్బా స్కూల్లో వేసేయండి అని. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలైంది ఇలాంటి ఆడపిల్లల కోసమే, ఆరో తరగతి నుంచి హాస్టల్‌తో సహా ఉచితం, చాలామంది పిల్లలు అక్కడ చేరి బాగుపడ్డారు, నేనే ఎందరినో చేర్పించాను. ఈ పిల్ల విషయంలో మాత్రం అప్పుడే వద్దన్నాను. అమ్మ బతికుందో లేదో అని కాపలా కాస్తున్న పిల్లను యాభై కిలోమీటర్ల అవతల పడుకోబెడితే ఆమెకు నిద్ర పట్టదు, పారిపోయి వస్తుంది, అప్పుడు "చదువు అబ్బలేదు" అంటారు. ముందు తల్లి కుదుటపడటం ఆ పిల్ల తన కళ్ళతో చూడాలి. కాబట్టి ఊళ్ళో హైస్కూల్లోనే, అదే తరగతిలో కొనసాగించమని హెడ్మాస్టర్‌ని అడిగాం, ఆయన ఒప్పుకున్నారు.

అయితే బడికి పంపితే చాలదు, ఇంటి పని ఎవరు చేయాలి? ఇక్కడ అవ్వ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

అవ్వ కోడల్ని తిట్టిపోస్తోంది. నా కొడుకును మింగింది అంటోంది, కోడలు ఎదురొస్తే పక్కకు తిరుగుతోంది. ఊళ్ళో ఎవరూ ఆమెతో కొడుకు గురించి మాట్లాడలేదు, వచ్చినవాళ్ళందరూ కోడల్నీ పిల్లల్నీ పలకరించిపోయారు. కడుపున కన్న కొడుకు పోయిన తల్లి తనూ ఉందని అందరూ మరిచిపోయారు. ఒక మధ్యాహ్నం ఆమెతో ఒక్కదానితోనే కూర్చుని, "మీ కొడుకు చిన్నప్పుడు ఎట్లుండెటోడు అవ్వా?" అని అడిగాను. రెండు గంటలు చెప్పింది. ఏడ్చింది. చివర్లో అసలు భయం కూడా బయటపడింది: కోడలు చిన్నది, పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి పోతుందేమో, ఆ ఎకరంపావు అమ్ముకుంటుందేమో, తను ఎక్కడ పడి ఉండాలి? ఆ భయం తిట్టుగా వస్తోంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం చనిపోయిన కొడుకు వాటాలో భార్యకు, పిల్లలకు, తల్లికి అందరికీ సమాన హక్కు ఉంటుందని, ఎవరూ ఆమెను బయటికి నెట్టలేరని విడమరిచి చెప్పాం. మండల న్యాయ సేవా కమిటీ వకీలుతో కూడా చెప్పించాం, ఆడవాళ్ళకు ఆ సాయం ఆదాయంతో పని లేకుండా ఉచితం. ఆ తర్వాత పొద్దుటి పొయ్యి అవ్వ చేతికి వచ్చింది. పెద్దపిల్లకు మిగిలింది ఇల్లు ఊడవడం, తమ్ముడికి తల దువ్వడం, అంతే. అప్పుల పుస్తకం తల్లి తీసుకుంది.

మానసిక శాస్త్రంలో ఒక పాత అధ్యయనం ఉంది. హవాయి ద్వీపాల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. కటిక పేదరికం, గొడవలు, ఇంట్లో మానసిక జబ్బులు ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళలో మూడో వంతు మంది చక్కగా, నలుగురికీ పనికొచ్చే మనుషులుగా ఎదిగారు. వాళ్ళ బతుకుల్లో కనబడిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి, తమను పట్టించుకునే పెద్దమనిషి ఒక్కరైనా నిలకడగా ఉండటం. తల్లే కానక్కర్లేదు. అమ్మమ్మ, టీచరు, పక్కింటామె, ఎవరైనా. ఈ ఇంట్లో చిన్నోడికి ఆ మనిషి అవ్వ అయింది. పెద్దపిల్లకు తెలుగు చెప్పే టీచరమ్మ, నాకు ఫోన్ చేసినావిడే.

అప్పు, కాగితాలు

అప్పులోళ్ళు పొద్దున్నే, పిల్లలు బడికి తయారయ్యే వేళకే వచ్చేవాళ్ళు. తలుపు చప్పుడుకు పెద్దపిల్ల ఉలిక్కిపడేది ఇందుకే. ఎన్ని కౌన్సెలింగ్‌లు చేసినా ఆ చప్పుడు ఆగనంత కాలం లాభం లేదు కాబట్టి, ఊరి పెద్దలు, సంఘం ఆడవాళ్ళు, వకీలు సమక్షంలో అందర్నీ ఒకచోట కూర్చోబెట్టాం. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు బాధ్యులయ్యేది అతని నుంచి వచ్చిన ఆస్తి మేరకే, భార్య కూలి డబ్బుల మీద ఆ అప్పుకు హక్కు లేదు. ఈ ఒక్క విషయం చాలా ఇళ్ళలో తెలియదు, తెలియక ఆడవాళ్ళు మళ్ళీ తమ పేరు మీద నోటు రాసిచ్చేస్తారు. ఈమెను కూడా అడిగారు. రాయొద్దన్నాం. ఎరువుల షాపతను కొంత వదులుకున్నాడు, వడ్డీ వ్యాపారి గొణిగాడు గానీ ఇంటికి రావడం మానేశాడు. సంఘం లోను కిస్తీలు గ్రామ సంఘం వాళ్ళు సాగదీసి ఇచ్చారు.

ప్రభుత్వ సాయం సంగతి. రైతు ఆత్మహత్య జరిగిన కుటుంబానికి 2004 నాటి జీవో 421 ప్రకారం లక్షన్నర వచ్చేది, తెలంగాణలో 2015లో దాన్ని ఆరు లక్షలు చేశారు. 2018 నుంచి రైతు బీమా కింద ఐదు లక్షలు, కానీ అది పట్టా ఉన్నవాళ్ళకే. ఇతని పేరు మీద గుంట భూమి లేదు, కౌలుకు రాతపూర్వక ఒప్పందం లేదు, కాబట్టి బీమా లేదు. ఆరు లక్షల ఫైలు కూడా పట్టా దగ్గరే ఆగింది. నాలుగెకరాలు దున్ని, విత్తి, మందు కొట్టినవాడు కాగితం మీద రైతు కాకపోవడం అన్యాయం, దీన్ని మెత్తగా చెప్పడం నా వల్ల కాదు.

వచ్చినవి: ఏడాది దాటాక వితంతు పెన్షన్ నెలకు 2,016. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్, ఒక్కో బిడ్డకు నెలకు 4,000, పల్లెల్లో ఏడాది ఆదాయం 72 వేలు దాటని కుటుంబాలకు ఇస్తారు, పిల్లలు బడి మానకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. భర్త చనిపోయిన తల్లుల పిల్లలకు ఇది వర్తిస్తుందని ఊళ్ళలో చాలామందికి తెలియదు, దయచేసి చెప్పండి. తల్లి కౌలు పత్తి పూర్తిగా వదిలేసి, సంఘం నుంచి అప్పు తీసుకుని బర్రెను కొన్నది. పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది, తక్కువే, కానీ వస్తుందని తెలుసు. పత్తికి ఏడాదంతా చూసి చివర్లో ఏముంటుందో తెలియని బతుకు నుంచి పదిహేను రోజుల లెక్కకు రావడం ఆమె నిద్ర మీద చూపిన ప్రభావం మందుతో సమానమని నేను అనుకుంటున్నాను.

మళ్ళీ జూన్

2023 వేసవికి ఇంట్లో అందరూ కాస్త తేలికపడ్డారు. చిన్నోడు పక్క తడపడం ఆగింది. పెద్దపిల్ల కడుపునొప్పి తగ్గింది, ఒకసారి తమ్ముడితో కొట్లాడి అలిగి అన్నం మానేసిందని తల్లి ఫిర్యాదు చేస్తే నాకు చాలా సంతోషమేసింది. తల్లి, బాగానే ఉన్నానని చెప్పి ఎవరినీ అడగకుండా మందు ఆపేసింది.

మృగశిర కార్తె వచ్చింది, ఊరంతా పత్తి గింజలు, చేన్ల మీద మందు వాసన. సంవత్సరీకం దగ్గరపడుతోంది. ఆమె మళ్ళీ మంచం పట్టింది. పాలు పిండటం ఆగిపోయింది. ఊళ్ళో కొందరు "ఇంత చేసినా ఇంతేనా" అన్నారు. ఇది ఊహించని విషయమేం కాదు, ఏడాది తిరిగే వేళకు, అదే పంట కాలానికి బాధ తిరగబెట్టడం దాదాపు ప్రతి ఇంట్లోనూ చూస్తాం.

ఈసారి తేడా ఒకటుంది. మూడో రోజే నాకు ఫోన్ వచ్చింది, చేసింది అవ్వ. "కోడలు మళ్ళ ముందటి లెక్క అయితాంది బిడ్డా, నేను పక్కల్నే పంటున్న, జర రా." బర్రెను పక్కింటామె పిండింది. సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు తల్లిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మందు మళ్ళీ మొదలైంది, ఈసారి డాక్టర్ చెప్పేదాకా ఆపొద్దన్న మాట మీద. పెద్దపిల్ల ఆ రోజు బడికి పోయింది. "మా నాయినమ్మ చూసుకుంటది" అని టీచరమ్మతో చెప్పిందట. ఏడాది కింద ఆ పిల్ల నోటి నుంచి ఈ మాట రావడం అసాధ్యం.

ఇప్పటి సంగతి. పెద్దపిల్ల ఎనిమిదో తరగతిలో తనంతట తానే కస్తూర్బాకు పోతానంది, చేరింది, మొదటి నెలలో రోజూ ఫోన్ చేసేది, తర్వాత ఆదివారాలకు తగ్గింది. విరాసత్ పని నడుస్తోంది. ఆరు లక్షల ఫైలు కదలలేదు, పంచనామా, పోస్ట్‌మార్టం కాగితాల నకళ్ళతో, కౌలుకిచ్చిన ఆసామి వాంగ్మూలంతో మళ్ళీ దరఖాస్తు పెట్టాం, ఆ ఆసామిని ఒప్పించడానికే చాలాకాలం పట్టింది. చిన్నోడు లెక్కల్లో వెనకబడ్డాడు, దానికి ఊళ్ళో డిగ్రీ చదివే ఒక అమ్మాయి సాయంత్రాలు చెబుతోంది. తల్లి మందు మోతాదు తగ్గించారు, పూర్తిగా ఆపాలా వద్దా అన్నది వచ్చే పత్తి కాలం దాటాకే చూద్దామన్నారు డాక్టర్. జూన్ నుంచి సంవత్సరీకం దాకా వారం వారం ఆ ఇంటికి వెళ్ళేలా మా పని రాసిపెట్టుకున్నాం.